కొలత రక్తం

మార్చి 3, సోమవారం

కుదిరింది. ఉత్తరం వచ్చేసింది. డాక్టర్ బుర్లాకు దాన్ని మూడుసార్లు చదివి, తన కళ్ళ మీద నమ్మకం లేక నాలుగోసారి నాచేత చదివించారు. పోర్తో నగరంలోని హీమోఫీలియా కేంద్రమూ, ఇక్కడ కిషినౌలో మేమూ నాలుగేళ్ళ పాటు జంట. వాళ్ళొచ్చి మా పని చూస్తారు, మేం వెళ్ళి వాళ్ళ పని చూస్తాం. మందు, పద్ధతి, మనిషి, ఏది కావాలంటే అది సర్దుకుంటాం. రక్తం గడ్డకట్టని జబ్బుకి ఈ దేశం మొత్తానికీ మా ల్యాబే దిక్కు, ఆ ల్యాబ్‌కి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేనే దిక్కు. ఇంట్లో నన్ను నేను పొగుడుకుంటే ఎవరికి నష్టం.

గాజుసామాను కడిగే లుకేరియా అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అయితే పోర్తోతో వియ్యం అందామన్నమాట. మంచోళ్ళేలే. ఎనిమిదేళ్ళు అక్కడే ఉండి వాళ్ళ మెట్లు కడిగాను, ఒక్కళ్ళూ గొంతు పెంచి మాట్లాడలేదు. మగపెళ్ళివారు ఎప్పుడొస్తారంట?"

ఏప్రిల్‌లో. వాళ్ళకి ఎలా చెప్పాలో ఇప్పట్నుంచే వల్లె వేసుకుంటున్నాను: 'అమ్మా, రోగి రక్తంలో గడ్డకట్టించే సరుకు ఎంతుందో తెలియాలంటే, పక్కన ఆరోగ్యవంతుల రక్తం పెట్టి పోల్చాలి కదా. దాన్ని వంద అనుకుంటాం. కొనే కొలత రక్తం మాకు ఎప్పుడో గాని రాదు. అందుకని మూడు నెలలకోసారి సోమవారం నాడు ల్యాబ్‌లో అందరం చేతులు చాపి, మా రక్తమే తీసి కలిపి, చిన్న గొట్టాల్లో పోసి ఫ్రీజర్‌లో దాచుకుంటాం. తర్వాత ఇంట్లో కాల్చి తెచ్చిన ప్లచింతెలు, అవే జున్ను కూరిన రొట్టెలు, తింటాం.' ప్లచింతెల సంగతి కూడా చెప్పాలి. అది లేకపోతే రక్తం సోమవారం పూర్తి కాదు.

ఇవాళ అదే సోమవారం. ఆరుగురం ఇచ్చాం. రిజిస్టర్‌లో రాశాను.

మార్చి 9, ఆదివారం

చర్చిలో ఫాదర్‌కి ప్రార్థనలో చదవాల్సిన పేర్ల చీటీ ఇచ్చాను. ఎడమవైపు బతికున్నవాళ్ళు, కుడివైపు పోయినవాళ్ళు. నా కూతురు స్నెజానా భుజం మీదుగా తొంగి చూసింది. ఆరో నెల, పొట్ట నాకు తగులుతోంది.

"ఎడమవైపు ఒక గీత ఖాళీ ఉంచమ్మా. జూన్‌లో నిండుతుంది. పెట్రు అని పెడదాం అనుకుంటున్నాం."

"వద్దు."

"ఏం?"

"పాత పేరు. పశువుల డాక్టర్లకి ఉంటుంది అలాంటి పేరు."

నా తమ్ముడి పేరు అది. పెట్రికా అనేవాళ్ళం. పేరు మంచిదే, అయినా వద్దు.

దాని ముంజేతి మీద నాణెమంత నీలం మచ్చ. తలుపు తగిలిందట. మన ఆడవాళ్ళ చర్మం పల్చన అని మా అమ్మ ఎప్పుడూ అనేది. నేనూ అంతే, గట్టిగా పట్టుకుంటే కమిలిపోతాను. రెండేళ్ళ కిందట దీని రక్తం నేనే పరీక్ష చేశాను, ఊరికే. యాభైమూడు వచ్చింది. యాభై దాటితే మామూలే. సరిహద్దు ఒక్క అడుగు దాటినా దాటినట్టే.

మార్చి 12

కిటికీలు కడిగించాను. వెలుతురొస్తే ల్యాబ్ ఇంత పెద్దదా అనిపించింది.

మార్చి 20, గురువారం

పోర్తో నుంచి మంచుపెట్టెలో పది చిన్న సీసాలు. పేర్లు లేవు, అంకెలే. ఏ సీసాలో ఎంతుందో వాళ్ళకి తెలుసు, మాకు తెలియదు. మేం కొలిచి పంపాలి. పరీక్షే అనుకో. ఈ వయసులో నాకు పరీక్ష పెట్టేవాళ్ళు దొరికారని ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. బుర్లాకు గారు గోళ్ళు కొరుకుతున్నారు, నేను పాట పాడుకుంటున్నాను.

మార్చి 21

అయిపోయింది, పంపేశాను. పదికి పది ఖాయం.

ఏప్రిల్ 2, బుధవారం

పదికి సున్నా.

అన్నీ ఎక్కువే. వాళ్ళ ముప్ఫై మాకు యాభై రెండు. వాళ్ళ అరవై మాకు నూట అయిదు. ఒక్కటి తప్పితే ఏదో చెయ్యి జారింది అనుకోవచ్చు. అన్నీ ఒకే లెక్కన తప్పాయి.

"మెషీనే," అన్నారు బుర్లాకు గారు.

"దారిలో వెచ్చబడి ఉంటాయి," అన్నాను నేను. వెచ్చబడితే అంకె తగ్గాలి గాని పెరగదని నాకు తెలుసు. అయినా వెచ్చబడే ఉంటాయి.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మీ ఇద్దరి వరస," అని లుకేరియా అక్క బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. మద్దెల మీదా, తన మీదా కూడా.

ఏప్రిల్ 7, సోమవారం

వచ్చింది. పేరు ఫిలోమెనా. పొట్టిమనిషి, నెరిసిన జుట్టు, మెడలో దారం కట్టిన కళ్ళజోడు. ల్యాబ్‌లో నలభై ఏళ్ళు చేసిందట. మందుల కంపెనీ ఆడమనిషిలా ఉంటుందనుకున్నాను, మా పిన్నిలా ఉంది. మా ఆనవాయితీ ప్రకారం రొట్టే ఉప్పూ పట్టుకుని ఎదురెళితే రొట్టె ముక్క తుంచుకోకుండా సగం విరుచుకుంది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదట. ఆ క్షణంలోనే నచ్చేసింది.

దుబాసీ ఎవరనుకున్నారు, లుకేరియా అక్క. ఉతికిన గౌను, కొత్త తలగుడ్డ. బుర్లాకు గారు పది నిమిషాలు స్వాగతోపన్యాసం ఇచ్చారు. అక్క రెండు ముక్కల్లో చెప్పేసింది. ఫిలోమెనా నవ్వింది.

"అంత చెబితే ఇంతేనా?" అన్నారు ఆయన చిన్నబుచ్చుకుని.

"సారం చెప్పాను డాక్టరుగారూ. మీకు సంతోషంగా ఉంది, మందులు తక్కువున్నాయి. అందులో ఇంకేమైనా ఉందా?"

ఆ సీసాల సంగతి ఫిలోమెనా ఇవాళ ఎత్తలేదు. రేపు చూద్దాం అంది. నాకు భయం లేదు, ఉత్సాహంగా ఉంది. మెషీన్‌లో తప్పెక్కడుందో చూసి బాగుచేసి వెళుతుంది.

ఏప్రిల్ 8, మంగళవారం

మెషీన్ వైపు చూడనైనా లేదు. స్టూలు లాక్కుని కూర్చుని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. లుకేరియా అక్క చెప్పింది: "మీ వంద ఏది అంటోంది. దేన్ని వంద అంటున్నారో అది చూపించమంటోంది."

ఫ్రీజర్ తెరిచి చూపించాను. రిజిస్టర్ తెరిచి చూపించాను. మార్చి మూడు, ఆరుగురు.

"బాగుంది. ఆ ఆరుగురినీ పిలవండి, ఒక్కొక్కరి రక్తం విడివిడిగా చూద్దాం అంటోంది."

తేలు కుట్టిన దొంగలా రిజిస్టర్ మూసేశాను. అక్క నా వైపు తిరిగి మన భాషలో మెల్లగా అంది: "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

చెప్పాను. ఇక్కడ కూడా రాస్తాను, ఇక దాపరికం దేనికి. ఒకప్పుడు పద్నాలుగు మందిమి. టేబుల్ చుట్టూ చేతులు చాపితే చోటు చాలేది కాదు. నీనా ఇటలీ వెళ్ళింది, ముసలివాళ్ళని చూసుకునే పనికి. ఒలెగ్ జర్మనీ. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఐర్లండ్. బుర్లాకు గారు సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోతారు. నాలుగేళ్ళుగా మిగిలింది లుకేరియా అక్కా నేనూ. ఆవిడ ఒక గొట్టం ఇస్తుంది, చాలదని నేను రెండిస్తాను. కాగితంలో ఆరుగురికి తక్కువ కాకూడదని ఉంది, కాబట్టి ఆరుగురు అని రాస్తాను. వెళ్ళిపోయినవాళ్ళ పేర్లే రాస్తాను. ఆ పేర్లు రాస్తుంటే వాళ్ళింకా ఉన్నట్టే ఉంటుంది. ప్లచింతెలు మాత్రం పద్నాలుగు మందికి సరిపడా చేస్తాను, అలవాటు పోలేదు.

నాది మంచి రక్తం అనుకున్నాను. అందుకే రెండిచ్చాను.

ఫిలోమెనా తిట్టలేదు. కొత్తలో వాళ్ళ దగ్గరా నలుగురు నర్సుల రక్తమే వందట. తర్వాత తన పెట్టెలోంచి వాళ్ళ కొలత రక్తం తీసింది. దానితో పోలిస్తే మా వంద యాభైఏడు. కొలకర్రే సగానికి కాస్త మీద తెగిపోయి ఉంది. దానితో కొలిస్తే ప్రతి పొట్టివాడూ పొడుగ్గానే కనిపిస్తాడు మరి.

విడివిడిగా చేశాం. లుకేరియా అక్క, నూట నాలుగు. "చూశావా, అసలు నార్మల్ నేనే," అని నడుం మీద చేతులు పెట్టుకుంది.

తర్వాత నాది. నా చేతిలోంచి నేనే తీసుకుని, నేనే పెట్టాను.

ముప్ఫైనాలుగు.

ఏప్రిల్ 9

మళ్ళీ చేశాను. ముప్ఫైనాలుగు. మళ్ళీ చేశాను. ముప్ఫైమూడు.

ఏప్రిల్ 10, గురువారం

నాలుగేళ్ళ కాగితాలన్నీ ముగ్గురం కూర్చుని తిరగేశాం. మామూలే అని పంపేసినవాళ్ళలో నలభై ఒక్క మంది మామూలు కాదు. సిగ్గుతో చచ్చిపోవాలి. కానీ వింత ఏమిటంటే ఒక్కొక్క పేరు దొరుకుతుంటే మనసు ఎగిరి గంతేస్తోంది. ఇదిగో వీడు, ఇదిగో ఈవిడ, ఇప్పుడైనా తెలిసింది, వీళ్ళని పిలవొచ్చు. ఫిలోమెనా నాకంటే ఉత్సాహంగా పేజీలు తిప్పుతోంది.

ఒక కాగితం మాత్రం నేను బొత్తి కిందకి తోశాను. యాభైమూడు. ఈ లెక్కన అసలు ముప్ఫై.

మధ్యాహ్నం టీ తాగుతుంటే ఫిలోమెనా అడిగింది, అక్క చెప్పింది: "వయసు వల్ల ఇది తగ్గదంట రైసా. నీకు ముప్ఫైనాలుగంటే నువ్వు ఆ జబ్బు మోస్తున్నావేమో చూడాలంట. మోసే ఆడదానికి పెద్దగా ఏమీ కాదు గానీ, పుట్టే మగపిల్లాడికి సగానికి సగం వస్తుందంట. మీ ఇంట్లో రక్తం కారి పోయిన మగపిల్లలు ఎవరన్నా ఉన్నారా అంటోంది."

"లేరు."

అక్క నా మొహం చూసింది. అనువదించింది.

మా పెట్రికా చెర్రీ చెట్టు మీంచి పడ్డాడు. చెట్టు మీంచి పడితే ఎవరైనా పోతారు.

ఏప్రిల్ 11

ఫిలోమెనా వెళ్ళిపోయింది. గేటు దగ్గర నా రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. "ఎప్పుడైనా ఫోన్ చెయ్యమంటోంది. నీ కూతురి కాగితం తనూ చూసిందంట," అంది లుకేరియా అక్క.

ఏప్రిల్ 14, సోమవారం

ఇవాళ గెనాడీ వచ్చాడు. ట్రాలీబస్ డ్రైవరు. మూడేళ్ళ కిందట పన్ను పీకించుకుని నాలుగు రోజులు రక్తం కారుతుంటే మా దగ్గరికొచ్చాడు. యాభైఅయిదు చూపించి, భయస్తుడివి, నాలుకతో కెలక్కు అని పంపేశాం. అప్పట్నుంచీ పదకొండో నంబరు ట్రాలీబస్‌లో నేనెక్కితే మైకులో "లోపల డాక్టరమ్మ ఉన్నారు, ఎవరూ రక్తం కార్చొద్దు" అంటాడు.

బుర్లాకు గారు నిలబడి క్షమాపణ చెప్పారు. గెనాడీ టోపీ తిప్పుతూ విన్నాడు.

"అంటే నేను భయస్తుణ్ణి కాదు."

"కాదు."

"అది కాగితం మీద రాసిస్తారా?"

"జబ్బు సంగతి రాస్తాం..."

"జబ్బు సంగతి తర్వాత డాక్టరుగారూ. ముందు భయస్తుడు కాదు అని రాసి సంతకం పెట్టండి. మా ఆవిడకి చూపించాలి, పళ్ళ డాక్టరుకి చూపించాలి, డిపోలో అంటించాలి."

బుర్లాకు గారు నిజంగానే రాసిచ్చారు, ముద్ర వేసి మరీ. గెనాడీ దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదువుకున్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను గాని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంకో పన్ను కూడా పీకించాలట, మూడేళ్ళుగా భయంతో నొప్పి భరిస్తున్నాడట. పోర్తో వాళ్ళు ఇచ్చిన మందు చుక్క వేసి రేపే పీకిస్తాం.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఇంత మంచిరోజు లేదు. స్నెజానాకి ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 20

ఈస్టరు. క్రీస్తు లేచాడు. చెప్పలేదు. పండగ పూట ఎందుకు.

ఏప్రిల్ 28, సోమవారం

పోయినవాళ్ళ ఈస్టరు. మా అమ్మ ఊరి శ్మశానం తిరునాళ్ళలా ఉంది. సమాధుల మీద బల్లగుడ్డలు, ఎర్ర గుడ్లు, వైను, తీపిరొట్టెలు. స్నెజానాని రావొద్దన్నాను, పొట్టతో వచ్చింది.

ప్రతి ఏడూ మూడు బొమ్మల మగ్గులు కొంటాను. పోయిన పిల్లల పేరు చెప్పి ఊళ్ళో పిల్లలకి ఇస్తాం, తువ్వాలూ కొవ్వొత్తీ పెట్టి. మా అమ్మ ఇచ్చేది, అమ్మ పోయాక నేనిస్తున్నాను. పెట్రికాది ఒకటి. అమ్మ తమ్ముళ్ళిద్దరివీ రెండు. మూడు మగ్గులు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఫాదర్ సమాధి దగ్గరికి వచ్చి చీటీలో కుడివైపు చదివారు. పెట్రు. వాసిలే. యోన్. ముగ్గురూ పిల్లలే అని పక్కన రాసి ఉంటుంది. ఆయన వెళ్ళాక స్నెజానా గుడ్డు వొలుస్తూ అడిగింది.

"అమ్మా, మన ఇంట్లో పోయిన పిల్లలందరూ మగపిల్లలేనా?"

"ఆ రోజుల్లో పిల్లలు పోయేవాళ్ళు."

"పెట్రికా మావయ్య చెట్టు మీంచి పడ్డాడు. వాసిలే?"

"పన్ను ఊడి."

"పన్ను ఊడితే పోతారా?" గుడ్డు కింద పెట్టేసింది. "యోన్?"

"మంచు మీద జారి మోకాలు కొట్టుకుంది. వారం రోజులు మంచం మీద ఉన్నాడట."

అంది నా నోరే. నేనే విన్నాను ఆ మూడు మాటలూ వరసగా. నలభై ఏళ్ళుగా ఆ మూడు మగ్గులూ కళ్ళ ముందే ఉన్నా ఒక్కసారీ వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే. దేశంలో ఎవడి మోకాలు వాచినా గుర్తుపట్టేదాన్ని.

అప్పుడు చెప్పాను. నా ముప్ఫైనాలుగు, దాని ముప్ఫై, కడుపులో బిడ్డకి సగానికి సగం అన్న సంగతి. కాన్పులో పిల్లాడి తల పట్టి లాగే పరికరం వాడితే, ముందు తెలియకపోతే, ఏమవుతుందో కూడా చెప్పాను.

అది పక్క సమాధి వాళ్ళ వైపు తిరిగింది. వాళ్ళు అకార్డియన్ వాయిస్తున్నారు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"ఇరవై రోజులు."

"అది కాదమ్మా. ఎన్నాళ్ళ నుంచి?"

పదో తరగతి అవగానే లోకంలో ఇన్ని పనులుండగా రక్తం ల్యాబ్ పనికే ఎందుకు వెళ్ళానో మా అమ్మ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు. పెళ్ళికి ముందు ఊరికే అని కూతురి రక్తం ఎందుకు తీశానో, యాభైమూడు రాగానే కుర్చీలో కూలబడి ఎందుకు ఏడ్చానో కూడా.

"నీకు తెలుసు," అంది అది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నా చేత గుమ్మాలు కడిగించావు ఈస్టరుకి. స్టూలెక్కించావు."

"తెలియదనుకున్నాను."

"అనుకున్నావు." కళ్ళు తుడుచుకుంది. తర్వాత, అది నా కూతురు కదా, లేచి నిలబడింది. "కాన్పుకి ఎన్ని రోజులుంది?"

"నలభై."

"మరి కూర్చున్నావేం? ఆ పోర్తో ఆవిడకి ఫోన్ చెయ్యి."

సమాధుల మధ్య నిలబడి లుకేరియా అక్కని కలిపి ఫోన్ చేశాను. కుటుంబంలో ఎవరెవరు ఎలా పోయారో గీసి పంపమంది ఫిలోమెనా. గీయడానికేముంది, చర్చి చీటీలో ఆ మూడు పేర్ల పక్కనా ఎలా పోయారో రాసి ఫొటో తీసి పంపాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది: ఇన్నేళ్ళలో ఇంత స్పష్టమైన వంశవృక్షం తనకెవరూ పంపలేదట. మేం దాన్ని తరతరాలుగా సంచిలో పెట్టుకుని తిరుగుతున్నాం.

మే 6

ఫిలోమెనా, వాళ్ళ కాన్పుల డాక్టరు, మా కాన్పుల డాక్టరు, బుర్లాకు గారు, అందరూ తెర మీద ఒకేసారి మాట్లాడారు. లుకేరియా అక్క ఎవరికి ఏం చెప్పాలో తనే నిర్ణయించింది. తేలిందేమిటంటే: పరికరంతో లాగడం వద్దు. పుట్టిన పిల్లలకి తొడకి వేసే విటమిన్ ఇంజెక్షన్ వద్దు, దాన్ని నోట్లో చుక్కలుగా వెయ్యాలి. పుట్టగానే బొడ్డుతాడు రక్తం మా ల్యాబ్‌కి. మందు ముందే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టాలి. కాగితం కాన్పుల గది గోడకి అంటించాం, అక్క రాతలో. "మొత్తం పెద్ద అక్షరాలే రాశాను, కళ్ళజోడు మర్చిపోయినా చదవాలి," అంది.

స్నెజానా నాతో పొడిపొడిగా మాట్లాడుతోంది. మాట్లాడుతోంది, అది చాలు.

మే 14

మందు వచ్చింది. దానంగా, పోర్తో వాళ్ళు మాట్లాడి ఇప్పించారు. ఫ్రిజ్ తలుపు ఊరికే తీసి చూస్తున్నానని బుర్లాకు గారు కోప్పడ్డారు. తర్వాత ఆయనా తీసి చూశారు.

మే 19, సోమవారం

రక్తం సోమవారం. ఇరవైమూడు మంది.

గెనాడీ డిపోలో ఆ కాగితం అంటించడం ఊరికే పోలేదు. డ్యూటీ దిగిన డ్రైవర్లు వరసకట్టి వచ్చారు, నర్సింగ్ బడి పిల్లలు వచ్చారు, వంటావిడ వచ్చింది. ఒక్కొక్కరి రక్తం ముందు విడిగా చూసి, బాగుంటేనే కలపాలని ఫిలోమెనా తెర మీంచి నేర్పింది. గెనాడీ ఇవ్వకూడదు, నేను ఇవ్వకూడదు. మేమిద్దరం ఏప్రాన్లు కట్టుకుని ప్లచింతెలు పంచాం.

అందరూ అయ్యాక బుర్లాకు గారు కోటు విప్పి బల్ల మీద పడుకున్నారు.

"తీయండి."

"డాక్టరుగారూ, మీరు పడిపోతారు."

"పడుకునే ఉన్నాను కదా. ఇంకెక్కడికి పడతాను?"

కళ్ళు గట్టిగా మూసుకుని పరలోక ప్రార్థన మొత్తం చదివారు. అయిపోయిందని చెబితే నమ్మలేదు. డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం చూశాం. మా కొత్త వంద, పోర్తో లెక్కలో తొంభైఎనిమిది. లుకేరియా అక్క చీపురు పట్టుకుని ఒక చుట్టు తిరిగింది. ఫిలోమెనా అక్కడ తెరలో గ్లాసెత్తింది.

రిజిస్టర్‌లో ఇరవైమూడు పేర్లు రాశాను. ఎవరి పేరు వాళ్ళదే. నా పేరు లేకుండా రిజిస్టర్ మూయడం ఇదే మొదటిసారి. కాస్త గుచ్చుకుంది. గుచ్చుకోవాలి.

జూన్ 6, శుక్రవారం

మధ్యాహ్నం రెండూ నలభైకి పుట్టాడు. మూడుంబావు కిలోలు. ఎవరూ లాగలేదు, తన దారిన తను వచ్చాడు. లుకేరియా అక్క చెప్పులతో మెట్లన్నీ పరిగెత్తి బొడ్డు రక్తం గొట్టం తెచ్చింది. ఈ వయసులో అంత పరుగెత్తడం తప్పు.

"నువ్వు చెయ్యొద్దు, వాడు నీ మనవడు," అన్నారు బుర్లాకు గారు.

వినలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాను. రెండు కొలతలతోనూ చేశాను, మాదీ, పోర్తోదీ. రెండూ ఒకే మాట చెప్పాయి.

ఒకటి కన్నా తక్కువ.

వచ్చింది. నా నుంచి దానికి, దాని నుంచి వాడికి. ఫిలోమెనాకి ఫోన్ చేసి అంకె చెప్పాను, అంకెకి అనువాదం అక్కర్లేదు. ఆవిడ అడిగింది, అక్క చెప్పింది: "ఇప్పుడు ఏం చేస్తున్నాడు అంటోంది."

"పాలు తాగుతున్నాడు."

"రక్తం ఎక్కడైనా?"

"ఎక్కడా లేదు. తల, కడుపు, మడమ, అన్నీ చూశాం. మందు పక్కనే ఉంది."

"అయితే ఏడుపెందుకు అంటోంది. మీ ఇంట్లో పుట్టిన గంటకే సంగతి తెలిసిన మొదటి మగపిల్లాడు వీడే కదా అంటోంది."

ఏడుస్తున్నది దుఃఖంతో కాదని చెప్పమన్నాను. కొంచెం దుఃఖంతోనే. మిగతాది ఏమిటో నాకు పేరు తెలియదు. అరవాలని ఉంది, డాన్సు చేయాలని ఉంది, పెట్రికాని పిలిచి చూపించాలని ఉంది.

పైకి వెళ్ళాను. స్నెజానాకి చెప్పాను. అది పిల్లాణ్ణి చూసుకుంటూ, "సరే," అంది. తలెత్తి, "అమ్మా, కొలిచింది నువ్వేనా?" అంది.

"నేనే. రెండుసార్లు."

"అయితే నమ్ముతాను," అని పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టింది.

జూలై 20, ఆదివారం

ఇవాళ బాప్తిస్మం. లుకేరియా అక్క జ్ఞానతల్లి. ఫిలోమెనా రెండో విడత పనికి వచ్చి ఉంది, ముందు వరసలో నిలబడి మన పాటలకి తప్పుడు చోట్ల సిలువ గుర్తు వేసుకుంది. గెనాడీ పదకొండో నంబరు బండిని చర్చి ముందు రెండు నిమిషాలు ఎక్కువ ఆపాడు. పోయిన నెల పిల్లాడికి మోకాలి దగ్గర చిన్న వాపు వచ్చింది, గంటలో మందు పడింది, రెండు రోజుల్లో తగ్గింది. యోన్‌కి వారం పట్టింది పోవడానికి.

పేరు స్నెజానా మార్చలేదు. నేనూ వద్దనలేదు.

బాప్తిస్మం కాకుండా పేరు రాయకూడదని ఇన్నాళ్ళూ ఎడమవైపు ఆ గీత ఖాళీగానే ఉంచాను. ఇవాళ నీళ్ళింకా ఆరకముందే కొవ్వొత్తుల బల్ల దగ్గర నిలబడి రాశాను. పెన్ను కాగితానికి కన్నం పడేంత నొక్కాను.

ఫాదర్ చీటీ అందుకుని కళ్ళజోడు సవరించుకున్నారు. "ఎడమవైపూ పెట్రు, కుడివైపూ పెట్రు. కంగారులో ఒకే పేరు రెండు వైపులా రాసేశావమ్మా."

"లేదు ఫాదర్," అన్నాను. "సరిగ్గా కొలిచే రాశాను."

ఆయనకేం అర్థమైందో తెలియదు గానీ, బతికున్న పెట్రుని కాస్త గట్టిగానే చదివారు.